‘ది బాక్సర్’లో లాగా జైలు నుంచి వచ్చాక పాత ప్రేమ దొరుకుతుందా?

ప్రశ్న: 1997లో వచ్చిన ‘ది బాక్సర్’ చూశాను. హీరో 14 ఏళ్లు జైల్లో ఉండి వస్తాడు. ఈలోపు పెళ్లయిపోయిన పాత ప్రేయసి మళ్లీ దగ్గరవుతుంది. మరీ సినిమాటిక్‌గా లేదూ? నిజంగా ఇలా జరుగుతుందా?

జరుగుతుంది. ప్రేమకేం ఢోకా లేదండీ, 14 ఏళ్లేంటి, 20 ఏళ్లయినా అట్లాగే ఉంటుంది. ఆ ఇద్దరూ పట్టపగలు కలిసి వీధి చివరిదాకా నడవగలరా అన్నదే అడగాల్సిన ప్రశ్న. సినిమా తీసినాయన కూడా దాని గురించే తీశాడు. మీరు ప్రశ్న కాస్త పక్కకి వేశారు, పర్లేదు.

ఇంత ధీమాగా చెప్పడానికి నాకు రెండు అర్హతలున్నాయి. ఒకటి, 2015 నుంచి రెండేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఆ కథ జరిగిన ఉత్తర ఐర్లాండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లోనే ఉన్నాను. రెండోది, మా చిన్నాయన కడప సెంట్రల్ జైల్లో తొమ్మిదేళ్లు ఉండి వచ్చాడు. మాది నంద్యాల పక్క ఊరు. కేసేమిటో వేరే చెప్పక్కర్లేదు అనుకుంటా.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. ఉత్తర ఐర్లాండ్‌ని బ్రిటన్ నుంచి విడగొట్టి ఐర్లాండ్‌లో కలపాలని పోరాడిన కాథలిక్కుల సాయుధ దళం ఐఆర్ఏ; ప్రొటెస్టెంట్లు బ్రిటన్‌తోనే ఉంటామనేవాళ్లు. డానీ ఫ్లిన్ 18 ఏళ్లకే ఆ ఐఆర్ఏతో తిరిగి లోపలికి పోయాడు, 32 ఏళ్లకి బయటికొచ్చాడు. డేనియల్ డే-లూయిస్ వేశాడు. వాడు ప్రేమించిన మ్యాగీ ఈలోపు వాడి స్నేహితుణ్నే చేసుకుంది, ఆ స్నేహితుడు కూడా ఇప్పుడు జైల్లోనే. ఆమె తండ్రి అక్కడి ఐఆర్ఏ పెద్ద, శాంతి ఒప్పందం కోసం తంటాలు పడుతుంటాడు. డానీ మాత్రం తాగి పడివున్న పాత కోచ్ ఐక్‌ని లేపి, కాథలిక్ పిల్లలూ ప్రొటెస్టెంట్ పిల్లలూ కలిసి ఆడేలా బాక్సింగ్ క్లబ్ మళ్లీ తెరుస్తాడు. ఐఆర్ఏలోనే రాజీ వద్దనే హ్యారీ అనేవాడికి ఇదంతా నచ్చదు. ఇక వీటన్నిటికీ మించి ఒక రూలుంది, ఎక్కడా రాసి ఉండదు: మొగుడు జైల్లో ఉన్న ఆడమనిషి ఇంకో మగాడి వైపు కన్నెత్తి చూడకూడదు. ఖైదీ పెళ్లాం ఊరందరి ఆస్తి.

నెట్లో చాలామంది ‘స్లోగా ఉంది’ అని రాశారు. నాకు ఒళ్లు మండుతుంది. మనకి జైలు గేటు తెరుచుకుంటే ముప్పై సుమోలు, దుమ్ము, తొడగొట్టడం కావాలి. మా చిన్నాయన సత్ప్రవర్తన కింద విడుదలైన రోజు గేటు ముందు మా నాయన, నేను, ఒక గొడుగు ఉన్నాం. ఆయన చేతిలో గుడ్డ సంచి. ఆర్టీసీ బస్సెక్కి మైదుకూరు మీదుగా వచ్చాం. ఆళ్లగడ్డలో బస్సాగితే నాయన నాలుగు మిరపకాయ బజ్జీలు కొనిచ్చాడు. చిన్నాయన రెండు తిని, రెండు కాయితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఎవరికని మేం అడగలేదు. అదే స్లో మోషన్ అనుకోండి.

సరే, బెల్‌ఫాస్ట్ సంగతికి వస్తాను. 2016 జూన్ ఆఖర్లో మా నాయన నన్ను చూడ్డానికి వచ్చాడు. రిటైర్డ్ తెలుగు పండితుడు. అక్కడ చూడాల్సినవాటిలో టైటానిక్ మ్యూజియం ఒకటి, నల్ల టాక్సీ టూర్ ఒకటి. మునిగిపోయిన పడవకి టికెట్టెందుకని ఆయన మొదటిది వద్దన్నాడు. రెండోదానికి తీసుకెళ్లాను. కాథలిక్కులుండే ఫాల్స్ రోడ్డు, ప్రొటెస్టెంట్లుండే షాంకిల్ రోడ్డు, వాటి మధ్య గోడలు, గోడల మీద బొమ్మలు, అవన్నీ ఆ టాక్సీలో తిప్పి చూపిస్తారు. నడిపేవాళ్లలో పాత ఖైదీలు కూడా ఉంటారు. మాకు దొరికినాయనకి అరవై దగ్గర పడుతుంటాయి, ఐఆర్ఏ కేసులో 11 ఏళ్లు ఉండి వచ్చానని ఎక్కగానే చెప్పేశాడు. ‘లాంగ్ కెష్’లో అన్నాడు. ప్రభుత్వం దాన్ని మేజ్ జైలంటుంది. జైలు పేరు ఎలా పలికారో విని ఆ మనిషి ఎటువైపో చెప్పేయొచ్చు ఆ ఊళ్లో. 1998 ఏప్రిల్‌లో గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం కుదిరాక రెండేళ్లలో నాలుగు వందల మందికి పైగా ఖైదీల్ని వదిలిపెట్టారు, ఈయన వాళ్లలో ఒకడు. 2000లో ఆ జైలే మూసేశారు.

బెల్‌ఫాస్ట్ యాస గురించి ఒక మాట. ‘నౌ’ అనాల్సినచోట ‘నై’ అంటారు. నాకే ఆరు నెలలు పట్టింది. నాయనకి పుస్తకాల ఇంగ్లీషు బాగానే వచ్చు కానీ ఈయన మాట ఒక్కటీ ఎక్కలేదు. అందుకని నేను మధ్యలో దుబాసీని.

షాంకిల్ వైపు మైదానంలో చెక్క ప్యాలెట్లు మూడంతస్తుల ఎత్తున పేర్చి ఉన్నాయి. ‘ఇంత కట్టె దేనికిరా?’ అన్నాడు నాయన. జులై 11 రాత్రి తగలబెడతారు, 1690లో ప్రొటెస్టెంట్లు గెలిచిన యుద్ధం గుర్తుగా, అని చెప్పాను. ‘భోగిమంటకి ఇంత కోపమా’ అన్నాడు. తర్వాత క్యూపర్ వే గోడ. ఇంటి కప్పులకంటే ఎత్తు. ఇట్లాంటివి 1969లో మొదలుపెట్టి, గొడవలు ముదిరేకొద్దీ పొడిగిస్తూ పోయారు. మధ్యలో గేట్లుంటాయి, రాత్రికి మూసేస్తారు. 3,500 మంది చచ్చిపోయిన గొడవ అది, ఒప్పందం కుదిరి పద్దెనిమిదేళ్లయినా గోడలు అలాగే ఉన్నాయి. నాయన మెడ ఎత్తి చూసి, ‘మా ఊళ్లోనూ రెండు బజార్లు. ఆ బజారుకి మేం పోము, ఈ బజారుకి వాళ్లు రారు. గోడ కట్టేంత డబ్బుల్లేక కట్టలేదంతే, చెప్పు ఆయనకి’ అన్నాడు. చెప్పాను. డ్రైవరు స్టీరింగ్ మీద కొట్టి మరీ నవ్వాడు.

టూరిస్టులందరూ ఆ గోడ మీద సంతకాలు పెడతారు. డ్రైవరు మార్కర్ పెన్ను ఇచ్చాడు. నాయన తీసుకోలేదు. గోడల మీద రాసినోళ్ల వీపులు ముప్పై ఏళ్లు పగలగొట్టిన చెయ్యి ఇది, నేను రాయనన్నాడు. నేను రాద్దామనుకున్నాను గానీ, ఆయన చూపు చూసి పెన్ను వెనక్కిచ్చేశాను.

కారెక్కాక నాయన ముందుకి వంగి, ‘ములాఖత్‌కి ఎవరొచ్చేవాళ్లో అడుగు’ అన్నాడు. భార్య, వారానికోసారి, ఖైదీల ఇళ్లవాళ్లందరూ కలిసి వెళ్లే మినీబస్సులో. ‘ఎంతసేపిచ్చేవాళ్లు?’ అరగంట. ‘మావాడికి ఇరవై నిమిషాలే’ అన్నాడు నాయన, ఆ పోటీలో మేం గెలిచినట్టు.

కాసేపాగి, ‘ఆ పదకొండేళ్లూ వాళ్ల ఆడమనిషి పూలు పెట్టుకునేదా, అడుగు’ అన్నాడు.

ఇది ఇంగ్లీషులోకి ఎలా వస్తుంది చెప్పండి? ఆ ఊళ్లో ఎవరూ తల్లో పూలు పెట్టుకోరు. ‘ఆవిడ ముస్తాబై బయటికి వెళ్లేదా అని అడుగుతున్నారు’ అన్నాను మొహమాటంగా. డ్రైవరు అద్దంలోంచి నాయన మొహం చూశాడు. కారు పక్కకి ఆపాడు. మూడో ఏడు ఒకసారి వెళ్లిందట. చెల్లెలి పుట్టినరోజు, క్లబ్బులో డాన్స్, లిప్‌స్టిక్ వేసుకుంది, ఎవరితోనో ఒక్క పాటకి డాన్స్ చేసింది. ఆ వారం విజిట్‌కి ఆమె వచ్చేసరికే విషయం లోపలికి వచ్చేసింది. ‘నేనేమీ అనలేదు. అరగంటా గోడ వైపు చూస్తూ కూచున్నాను. తర్వాత లిప్‌స్టిక్‌తో ఎప్పుడూ రాలేదు’ అన్నాడు. ఇప్పుడెక్కడ ఉందని అడిగాను. కెనడాలో, ఇంకొకతనితో. ఈయన బయటికొచ్చిన రెండేళ్లకి వెళ్లిపోయింది, క్రిస్మస్‌కి మాత్రం కార్డు పంపుతుంది. ఇదంతా వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పి కారు స్టార్ట్ చేశాడు. సినిమా సంగతి అడిగితే మాత్రం కోపమొచ్చింది. ‘అది డబ్లిన్‌లో తీశారు. ఆ వీధులు మావి కావు’ అన్నాడు.

నాయన మళ్లీ నోరు తెరవలేదు. నాకు తెలుసు ఎందుకో.

చిన్నాయన లోపలికి పోయిన ఆరో ఏడు, శ్రీరామనవమి రోజు, మా చిన్నమ్మ మూరెడు మల్లెపూలు పెట్టుకుంది. ఆమెకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. కొళాయి దగ్గర ఒక ముసలామె, ‘మొగుడు జైలు కూడు తింటుంటే దీనికి పూలు కావాల్సొచ్చె’ అంది. ఆ మాట మధ్యాహ్నానికి మా ఇంటికొచ్చింది. నాయన చిన్నమ్మతో నేరుగా మాట్లాడడు కదా, బావ వరస. వరండాలో నిలబడి మా అమ్మతో అన్నట్టుగా, వంటింట్లో ఉన్న చిన్నమ్మకి వినపడేట్టుగా నాలుగు మాటలన్నాడు. ఇంటి పరువు, మొగుడి పరువు వగైరా. చిన్నమ్మ బయటికొచ్చి, పూలు తీసి తులసికోట మీద పెట్టి, మళ్లీ లోపలికెళ్లి పప్పు ఎనపడం మొదలుపెట్టింది. పప్పుగుత్తి చప్పుడు ఒకటే లయలో, చాలాసేపు వచ్చింది. నేను అరుగు మీద ఎక్కాలు రాసుకుంటున్నాను. ఆ తర్వాత మూడేళ్లు ఆమె తల్లో పువ్వు చూడలేదు నేను.

అందుకే నాకు మ్యాగీని చూస్తే ఆ పాత్ర వేసిన ఎమిలీ వాట్సన్ కనపడదు. ఆ సినిమాలో మొదటే జైల్లో పెళ్లి జరుగుతుంది, పెళ్లికొడుకు లోపలే ఉండిపోతాడు, పెళ్లికూతురు బయటికొచ్చేస్తుంది. ఆ పిల్లకి ఆ రోజు నుంచి శిక్ష మొదలు, కోర్టు లేకుండా. డానీ, మ్యాగీ పక్కపక్కన నడిచేటప్పుడు వాళ్ల మధ్య జానెడు దూరం ఎప్పుడూ ఉంటుంది గమనించారా? కిటికీలన్నీ చూస్తుంటాయి, పైన హెలికాప్టర్ తిరుగుతుంటుంది. ఆ జానెడు దూరాన్ని మించిన ప్రేమ సీను నేనింతవరకూ ఏ సినిమాలోనూ చూడలేదు. కాదన్నవాళ్లు కింద కామెంట్ పెట్టుకోండి, నేను మాత్రం మార్చుకోను.

ఆ రాత్రి ల్యాప్‌టాప్‌లో నాయనకి ఆ సినిమా వేశాను, ఆపి ఆపి తెలుగులో చెబుతూ. బాక్సింగ్ వచ్చినప్పుడల్లా కునుకు తీశాడు. లండన్ మ్యాచ్ దగ్గర మాత్రం లేపాను. కోటు, బో వేసుకుని భోజనం చేస్తున్న పెద్దమనుషుల ముందు డానీ ఒక ఆఫ్రికన్ బాక్సర్‌తో ఆడతాడు. అవతలివాడు తూలుతుంటాడు, ఇంకొక్కటి కొడితే పోతాడు. రిఫరీ ఆపడు. డానీయే చేతులు దించేసి ఆడనంటాడు. సినిమాలో ఇన్ని మ్యాచ్‌లు పెట్టింది ఈ ఒక్కటి చూపించడానికే అని నా గట్టి నమ్మకం. దీనెనక ఒక నిజం ఉంది. డే-లూయిస్‌కి బాక్సింగ్ నేర్పింది బ్యారీ మెక్‌గిగన్. 1982లో లండన్‌లో సరిగ్గా అలాంటి భోజనాల క్లబ్బులోనే ఆయన యంగ్ అలీ అనే నైజీరియా బాక్సర్‌ని నాకౌట్ చేశాడు. ఆ కుర్రాడు కోమాలోకి పోయి కొన్ని నెలలకి చనిపోయాడు. మెక్‌గిగన్ ఆట మానేద్దామనుకుని, మానలేక, 1985లో ప్రపంచ టైటిల్ గెలిచినప్పుడు దాన్ని ఆ కుర్రాడికే అంకితమిచ్చాడు.

మెక్‌గిగన్ కథ సినిమాకంటే గొప్పది, ఎవరూ ఎందుకు తీయరో. కాథలిక్ అయి ఉండి ప్రొటెస్టెంట్ అమ్మాయిని చేసుకున్నాడు. రింగులోకి ఏ దేశం జెండా వేసుకునేవాడు కాదు, నిక్కరు మీద శాంతి పావురం బొమ్మ. జాతీయగీతం బదులు వాళ్ల నాన్న వచ్చి ‘డానీ బాయ్’ పాడేవాడు. కొట్లాట మెక్‌గిగన్‌కి వదిలేయండి అని అప్పట్లో జనం అనుకునేవాళ్లు. ఇంకొకడు వేన్ మెకల్లా, షాంకిల్ రోడ్డు ప్రొటెస్టెంట్ పిల్లాడు. 1988 సియోల్ ఒలింపిక్స్ ఆరంభ వేడుకలో ఐర్లాండ్ జెండా పట్టుకుని నడిచింది వాడే. అంటే వాళ్ల వీధిలో తగలబెట్టే జెండా. 18 ఏళ్లు అప్పటికి. మన దగ్గర క్రికెట్ గురించి కబుర్లు చెబుతారే, ఆట అందర్నీ కలుపుతుందని, వాళ్లకి ఈ ఒక్క ఫోటో చూపించాలనిపిస్తుంది. ఆ జెండా మోసొచ్చాక ఇంటికి వెళ్లడం ఎంత టెన్షనో ఆలోచించండి.

ఏదో చెబుతూ ఎటో పోయాను. నాయన నిజంగా లేచి కూర్చున్నది మ్యాగీ కొడుకు లియమ్ దగ్గర. అమ్మ డానీతో వెళ్లిపోతుందేమోనని భయపడి ఆ పిల్లాడు బాక్సింగ్ క్లబ్‌ని తగలబెట్టేస్తాడు. నేను ‘పాపం ఐక్’ అన్నాను. నాయన, ‘పిల్లోడు చేసిందే కరెక్టు’ అన్నాడు. ఎందుకన్నాడో వివరం చెప్పలేదు. మా చిన్నాయన కొడుక్కి ఆయన లోపలికి పోయినప్పుడు రెండేళ్లు. పదకొండేళ్లకి నాన్నంటూ ఒక మనిషి బస్సు దిగితే, వాడు నెల రోజులు మా ఇంట్లోనే పడుకున్నాడు.

క్లైమాక్స్ మాత్రం నాకు నచ్చలేదు, చెప్పేస్తున్నా. డానీని చంపడానికి తీసుకెళ్లిన హ్యారీని సొంతవాళ్లే కాల్చేస్తారు. డానీ ఇంటికెళ్లిపోతాడు. ఎంత సుఖం! నిజంగా అలాంటివాళ్లని ఎవరూ కాల్చరు. మా వైపు హ్యారీలు ఇప్పుడు తెల్లచొక్కా వేసుకుని పెళ్లిళ్లకొచ్చి అక్షింతలు వేస్తున్నారు. మా చిన్నాయన వాళ్లకి ఎదురుపడితే నమస్కారం పెడతాడు, వాళ్లూ పెడతారు. దానికి ఏ డైరెక్టరూ కెమెరా పెట్టడు.

మీ ప్రశ్నకి జవాబు కావాలంటే మా చిన్నాయన, చిన్నమ్మలనే తీసుకోండి. కలిసే ఉన్నారు. వచ్చిన కొత్తలో రోజూ రాత్రి మంచం మీద కూర్చుని ఇరవై నిమిషాలు గబగబా మాట్లాడుకునేవాళ్లు. విత్తనాల ధర, పిల్లాడి ఫీజు, బర్రె ఈనే రోజు. ఆ తర్వాత ఇద్దరికీ మాటలుండేవి కావు. తొమ్మిదేళ్ల ములాఖత్ అలవాటు. చిన్నమ్మే ఒకసారి మా అమ్మతో నవ్వుతూ చెప్పింది, ‘టైమైపోయిందని ఎవరో బెల్లు కొడతారనుకుంటాడక్కా’ అని. ఇరవై నిమిషాలు అరగంట కావడానికి ఏడాది పైన పట్టింది. బజ్జీలు మాత్రం వచ్చిన రోజే ఇచ్చాడు, చల్లారిపోయి, కాయితానికి అంటుకుపోయి ఉన్నాయి. పూలు ఎప్పుడు తెచ్చాడో నాకు తెలీదు. నేను హాస్టల్ నుంచి సంక్రాంతికి వచ్చేసరికి ఆమె తల్లో ఉన్నాయి.

సినిమా అయిపోయేసరికి బెల్‌ఫాస్ట్‌లో అర్ధరాత్రి. నాయన ఫోన్ తీసి చిన్నమ్మకి కలపమన్నాడు. అక్కడ తెల్లారుజామున నాలుగున్నర, పడుకుని ఉంటారన్నా వినలేదు. మూడో రింగుకే ఎత్తింది. ‘ఏమైంది బావా? ఒంట్లో బాగుందా?’ అని ఆమె గొంతులో కంగారు. ఆయన నేరుగా ఆమెకి ఫోన్ చేయడం అదే మొదటిసారి మరి.

నాయన ఫోన్ని రెండు చేతులతో పట్టుకుని కాసేపు ఊరుకున్నాడు.

‘ఏం లేదమ్మా’ అన్నాడు. ‘పాలు పిండడం అయిందా?’

‘ఇంకా లేదు బావా, ఇప్పుడే దూడని విప్పినా.’

‘సరే, కానీ’ అని ఫోన్ నా చేతికిచ్చి, దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్నాడు.